ఆంత్ర శోథ వ్యాధి – వైద్య పదాలు

ఆంత్ర శోథ వ్యాధి అనగా పేగులలో దీర్ఘకాలం శోథ ఉండి, కొంతకాలం తగ్గుతూ మళ్ళీ తిరగబెడుతూ ఉండే వ్యాధుల సముదాయం. ఆంగ్లంలో దీనిని ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అని, సంక్షిప్తంగా ఐ.బి.డి. అని అంటారు. శరీర కణజాలం ఎర్రబడి వాచే స్థితికి శోథ అని పేరు. ఈ వ్యాధికి సంబంధించిన పదాలలో కొన్ని ఇతర వ్యాధుల పేర్లను పోలి ఉండుట వలన రోగులు పొరబడే అవకాశం ఉంది.

== ముఖ్య రకాలు ==
* అల్సరేటివ్ కోలైటిస్: అల్సర్ అనగా పుండు; కోలైటిస్ అనగా పెద్దపేగు శోథ. ఇది సాధారణంగా పురీషనాళం వద్ద మొదలై, ఎడతెగకుండా పైకి వ్యాపిస్తుంది. పేగు లోపలి పొరకే పరిమితం. రక్తం, జిగురుతో కూడిన విరేచనాలు ప్రధాన లక్షణం.
* క్రోన్స్ వ్యాధి: నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చును. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువ. పేగు గోడ మందమంతటా శోథ ఉంటుంది. 1932లో న్యూయార్క్ వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ దీనిని వర్ణించారు. అక్షరక్రమంలో మొదటిదైన క్రోన్ పేరు వ్యాధికి నిలిచింది.

== నివేదికలలో కనిపించే పదాలు ==
* ప్రొక్టైటిస్: పురీషనాళపు శోథ.
* ఇలియైటిస్: చిన్నపేగు చివరి భాగపు శోథ.
* స్ట్రిక్చర్: పేగు మార్గం ఇరుకగుట. కడుపునొప్పి, వాంతులు కలుగవచ్చును.
* ఫిస్ట్యులా: పేగు నుండి చర్మానికి గాని, మరొక అవయవానికి గాని ఏర్పడే అసహజ మార్గం. మలద్వారం వద్ద ఏర్పడినదానిని భగందరం అంటారు.
* ఫ్లేర్: వ్యాధి తిరగబెట్టుట.
* రెమిషన్: వ్యాధి అణగి ఉన్న దశ. వ్యాధి పూర్తిగా నయమైనదని దీని అర్థం కాదు. ఈ దశలో స్వయంగా మందులు మానివేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చును.

== పొరబడే పదాలు ==
ఐ.బి.ఎస్. అనగా ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. ఇందులో కడుపునొప్పి, విరేచనాలు ఉన్నా పేగులో శోథ గాని పుండ్లు గాని ఉండవు. మలంలో రక్తం పడుట దీని లక్షణం కాదు. రక్తం పడినప్పుడు మూలశంక అని సరిపెట్టుకొనక పరీక్ష చేయించుకొనవలెను.

భారతదేశంలో పేగుల క్షయకు, క్రోన్స్ వ్యాధికి తేడా గుర్తించుట కష్టం. రెండూ చిన్నపేగు చివరి భాగంలోనే ఎక్కువగా వస్తాయి. రెండింటిలోను జ్వరం, బరువు తగ్గుట ఉండవచ్చును. చికిత్స మాత్రం వేరు. క్రోన్స్ వ్యాధికి వాడే స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి గనుక క్షయ రోగికి ఇస్తే క్షయ ముదిరే ప్రమాదం ఉంది. అందువలన చికిత్సకు ముందు కొలనోస్కోపీ ద్వారా పేగును లోపలినుండి పరిశీలించి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఇట్లు ముక్క తీసి పరీక్షించుటను బయాప్సీ అంటారు.