నల్లబల్ల మీద 90 పేర్లు

1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో తొమ్మిది జట్ల వాళ్ళు సమావేశమయ్యారు. ఎదురుగా నల్లబల్ల మీద 90 మంది కాలేజీ ఆటగాళ్ళ పేర్లు. ముందటేడు అందరికన్నా వెనకబడిన జట్టు మొదట, గెలిచిన జట్టు చివర – ఈ వరసలో ఒక్కొక్క పేరూ ఎంచుకుంటూ పోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి డ్రాఫ్ట్ అది.

ఈ పద్ధతి పెడదామన్నది ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్. అట్టడుగున ఉన్నది ఆయన జట్టే కాబట్టి మొదటి వంతూ ఆయనకే వచ్చింది. దేశమంతా పేరు మోగిన జే బెర్వాంగర్‌ను ఎంచుకున్నాడు. బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. అడిగిన డబ్బు కుదరక వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

అసలు ఆ 90 పేర్లు బల్ల మీదికి ఎలా ఎక్కాయి? ఆటగాళ్ళను వెతకడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకునే అలవాటు అప్పటికి లేదు. పేపర్లలో చదివిందీ, తెలిసిన కోచ్‌లు చెప్పిందీ, అంతే. పేపరుకెక్కని కుర్రాడు బల్లకీ ఎక్కడు. ఇక 1934 నుంచి 1945 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. వాళ్ళని తూచి కాదన్నది లేదు, అసలు తూచనే లేదు.

1960ల్లో డాలస్ కౌబాయ్స్ మేనేజర్ టెక్స్ ష్రామ్ ఈ పనికి కంప్యూటర్‌ని వాడదామనుకున్నాడు. ఆయనకి దొరికిన మనిషి సలాం ఖురేషీ. మన దేశం నుంచి వెళ్ళిన గణాంక నిపుణుడు, ఐబిఎమ్ అనుబంధ సంస్థలో ఉద్యోగి. క్రికెట్ తెలుసుగానీ ఈ ఫుట్‌బాల్ తెలీదు. కోచ్‌లకేమో కంప్యూటర్ తెలీదు. చిక్కు లెక్కల దగ్గర కంటే ముందు మాటల దగ్గరే వచ్చింది. "చురుకైనవాడు" అని ఇద్దరు రాస్తే ఇద్దరి మనసులో ఉన్నదీ ఒకటే అని నమ్మకమేంటి? వందల కొద్దీ మాటల్ని వడపోసి చివరికి ఐదు గుణాలు తేల్చారు: నడవడిక, శరీరం మీద అదుపుతో కూడిన చురుకు, పోటీతత్వం, బుర్ర పదును, బలం. ఒక రకంగా ఖురేషీ చేసింది నిఘంటువు పని.

అయితే కంప్యూటర్ తనముందు పెట్టిన పేర్లనే లెక్కగడుతుంది. ఆ పేర్లు తెచ్చే మనిషి ఎక్కడెక్కడ తిరుగుతున్నాడన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు పిట్స్‌బర్గ్‌లో ఉంది. బిల్ నన్ నల్లజాతివారి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో క్రీడా విలేకరి. నల్లజాతి కాలేజీల మేటి ఆటగాళ్ళ జాబితా ఏటా వేసేవాడు. 1960ల చివర్లో స్టీలర్స్ ఆయన్ని పనిలో పెట్టుకుంది.

అలబామా ఎ అండ్ ఎం కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ అనే కుర్రాడున్నాడు. స్టీలర్స్ వాళ్ళు చెప్పుకునే కథ ఇది: స్కౌట్లందరూ తడి నేల మీద అతన్ని పరిగెత్తించి, వేగం చాలదని రాసుకుని వెళ్ళిపోయారు. నన్ మాత్రం ఒంట్లో బాలేదని చెప్పి ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. మర్నాడు పొడి నేల మీద మళ్ళీ పరిగెత్తించాడు. అదే గడియారం, అదే కాళ్ళు, అంకె మారింది. 1974లో స్టీలర్స్ అతన్ని నాలుగో రౌండులో తీసుకుంది. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని డానీ షెల్ కూడా ఆ ఏడే, మరో నల్లజాతి కాలేజీ నుంచి, ఆ జట్టులోకొచ్చాడు. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. 2021లో నన్ కూడా చేరాడు, చనిపోయాక.

ఇప్పుడు ఏటా ఇండియానాపొలిస్‌లో కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి ఎత్తూ, బరువూ, 40 గజాల పరుగూ కొలుస్తారు. అయినా 2000లో టామ్ బ్రేడీ 199వ వాడుగా మిగిలాడు. కొలతలు తప్పనలేం, అతని పరుగు నిజంగానే నెమ్మది. కాకపోతే కొలవడం తేలికైనదాన్నే ముఖ్యమైనదిగా అనుకోవడం మన అలవాటు. నన్‌కీ మిగతావాళ్ళకీ తేడా కంటిచూపులో లేదు. వాళ్ళు వెళ్ళని కాలేజీలకి ఆయన వెళ్ళాడు, వాళ్ళు వెళ్ళిపోయాక ఒక రోజు ఆగాడు.