పల్లానికి పారే జరిమానా: కార్డు మోసాల భారం వర్తకుడి మీదికి చేరిన చరిత్ర

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరవాసులకు 60,000 క్రెడిట్ కార్డులను తపాలాలో పంపింది. వాటిని ఎవరూ కోరలేదు. దరఖాస్తు లేదు, సంతకం లేదు. మరుసటి ఏడాది ముగిసేసరికి అదే పద్ధతిలో ఆ రాష్ట్రంలో సుమారు 20 లక్షల కార్డులు జనం చేతికి వచ్చాయి. సకాలంలో బాకీ తీర్చనివారు నూటికి నలుగురుంటారని బ్యాంకు అంచనా. తేలిన లెక్క 22 శాతం. తపాలా పెట్టెల్లోంచి కార్డులు కాజేసినవారున్నారు, దొంగ కార్డులకు తెలిసే సరుకు అమ్మిన దుకాణదారులూ ఉన్నారు. తొలి పదిహేను నెలల్లో బ్యాంకు అధికారికంగా ఒప్పుకున్న నష్టం 88 లక్షల డాలర్లు. ప్రకటనలు, నిర్వహణ ఖర్చులు కలుపుకుంటే అది 2 కోట్లకు చేరిందని తరవాతి అంచనా. ఈ పథకానికి రూపకర్త అయిన జోసెఫ్ విలియమ్స్ 1959 చివరలో బ్యాంకు విడిచి వెళ్ళాడు.

ఆ నష్టాన్ని ప్రధానంగా భరించింది కార్డు పంపిన బ్యాంకే. నేడు ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఎవరో దొంగ కార్డుతో సరుకు కొంటే పరిస్థితి వేరు. సరుకు పోయేది వర్తకుడిది, వెనక్కి ఇవ్వవలసిన సొమ్మూ వర్తకుడిదే. అటువంటివి ఒక హద్దు దాటితే జరిమానా కట్టేదీ, చివరకు కార్డు తీసుకునే అర్హత కోల్పోయేదీ అతడే. అమెరికాలో ఏ శాసనసభా ఈ భారాన్ని ఇలా పంచుతూ చట్టం చెయ్యలేదు. ఇది మెల్లగా, ఒప్పందాల మీద ఒప్పందంగా జరిగిన మార్పు.

కార్డుదారుకు దొరికిన అండ

1960ల చివరి సంవత్సరాలలో అమెరికన్ బ్యాంకులు పోటీపడి ఇళ్ళకు కార్డులు పంపాయి. షికాగోలో 1966 పండుగ రోజులలో జరిగిన పంపకం దొంగలకే పండుగయింది. తాము చూడని కార్డు మీద, తాము కొనని వస్తువుకు బిల్లు వచ్చిన జనం గగ్గోలు పెట్టారు. 1970లో కాంగ్రెస్ రెండు పనులు చేసింది: అడగనివారికి క్రెడిట్ కార్డు పంపడాన్ని నిషేధించింది, ఇతరులు కార్డును దొంగతనంగా వాడితే కార్డుదారు మోయవలసిన భారం 50 డాలర్లకు మించరాదన్నది. 1974లో వచ్చిన ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం మరో మెట్టు ఎక్కింది. బిల్లులో తప్పుంటే 60 రోజుల లోపల రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కును, కొన్ని హద్దులకు లోబడి, వర్తకుడితో పెట్టుకోగల తగవును కార్డు ఇచ్చిన బ్యాంకుతోనే తేల్చుకునే హక్కును ఇచ్చింది.

ఈ చట్టాలు మాట్లాడింది కార్డుదారు గురించీ, అతడికి కార్డు ఇచ్చిన బ్యాంకు గురించీ మాత్రమే. బ్యాంకు మీద పడిన ఆ భారం అక్కడే నిలవాలని గాని, వర్తకుడి మీదికి పోవాలని గాని చెప్పలేదు. చట్టం వదిలిన ఆ ఖాళీని బ్యాంకులు తమ సొంత నియమాలతో పూరించుకున్నాయి.

సంఘం రాసుకున్న కట్టుబాట్లు

1966లో బ్యాంక్‌అమెరికార్డ్‌ను ఇతర బ్యాంకులకు లైసెన్సు మీద ఇవ్వడం మొదలైంది. అదే ఏడాది దానికి పోటీగా మరికొన్ని బ్యాంకులు ఇంటర్‌బ్యాంక్ కార్డ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. మొదటిది 1970లో డీ హాక్ నాయకత్వాన స్వతంత్ర సంస్థగా మారి, 1976లో వీసా అన్న పేరు పెట్టుకుంది. రెండవది 1979లో మాస్టర్‌కార్డ్ అయింది. రెండూ పుట్టుకతో బ్యాంకుల సంఘాలు; నియమాలు రాసింది సభ్యబ్యాంకులు. వర్తకుడు అందులో సభ్యుడు కాడు.

ఈ ఏర్పాటులో ఒక విచిత్రముంది. కొనుగోలుదారుకు కార్డు ఇచ్చిన బ్యాంకు ఒకటి, వర్తకుడికి ఖాతా ఇచ్చి కార్డు సొమ్ము జమచేసే బ్యాంకు మరొకటి. కార్డు సంస్థకు ఒప్పందం ఉన్నది ఈ బ్యాంకులతోనే. వర్తకుడి ఒప్పందం తన బ్యాంకుతో మాత్రమే. అయితే ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంటుంది: కార్డు సంస్థ నియమాలకు వర్తకుడు కట్టుబడాలి, తన వల్ల బ్యాంకుకు పడే ఏ జరిమానానైనా తిరిగి చెల్లించాలి. ఈ షరతే కాలువ. పైన ఎక్కడ విధించిన దండమైనా దీని గుండా కిందికి దిగి వర్తకుడిని చేరుతుంది.

కార్డుదారు అభ్యంతరం చెబితే అతడి బ్యాంకు ఆ సొమ్మును వర్తకుడి బ్యాంకు నుంచి వెనక్కి లాక్కునే పద్ధతికి ఛార్జ్‌బ్యాక్ అని పేరు. తొలినాళ్ళలో దీని వెనుక ఉన్న సూత్రం సరళమైనది: వర్తకుడు తన విధి చేశాడా, లేదా? ఒక మొత్తానికి మించిన అమ్మకానికి ఫోను చేసి అనుమతి తీసుకోవాలి. దొంగిలించిన కార్డుల సంఖ్యలతో అచ్చయి వచ్చే జాబితాను చూసుకోవాలి. చీటీ మీద కార్డు ముద్ర, సంతకం తీసుకోవాలి. ఇవన్నీ చేసినవాడి సొమ్ము భద్రం. కార్డు దొంగదైతే నష్టం దాన్ని ఇచ్చిన బ్యాంకుది. ఏదో ఒకటి విడిచినవాడిదే బాధ్యత. 1973లో వీసా పూర్వసంస్థ కంప్యూటరు అనుమతి వ్యవస్థను తెచ్చాక ఫోను అవసరం తగ్గింది గాని, సూత్రం మారలేదు.

దీనికి ఒక మినహాయింపు ఉండేది. తపాలా ద్వారా, టెలిఫోను ద్వారా సరుకు అమ్మేవారు కార్డు ముద్ర గాని సంతకం గాని తీసుకోలేరు. కనుక అటువంటి అమ్మకాలలో మోసం జరిగితే భారం వర్తకుడిదే అన్నారు. ఆనాటికి అది వ్యాపారంలో ఒక మూల. 1990ల మధ్యలో ఇంటర్నెట్ వర్తకం వచ్చినప్పుడు దానికి కొత్త న్యాయం ఆలోచించలేదు; ఈ పాత మినహాయింపునే తొడిగారు. ఒక చిన్న మూలకు రాసిన నియమం కొత్త వర్తకానికంతటికీ ధర్మమయింది.

జరిమానా దిగివచ్చే దారి

ఇంటర్నెట్‌తో పాటు మరో ప్రమాదం వచ్చింది. దొంగకు ఇప్పుడు కార్డు అక్కర లేదు, సంఖ్య చాలు. ఒక దుకాణపు కంప్యూటరులో చొరబడితే లక్షల సంఖ్యలు దొరుకుతాయి. 2004 డిసెంబరులో కార్డు సంస్థలు కలిసి పి.సి.ఐ. భద్రతా ప్రమాణాలను ప్రకటించాయి. వాటిని పాటించకపోతే జరిమానా.

2007 జనవరిలో బయటపడిన టీజేఎక్స్ చోరీ ఈ యంత్రాంగపు బలాన్ని చూపింది. ఆ చిల్లర వర్తక సంస్థ కంప్యూటర్ల నుంచి 4 కోట్ల 57 లక్షల కార్డుల వివరాలు పోయాయని సంస్థే ప్రకటించింది. వీసా జరిమానా వేసింది టీజేఎక్స్ మీద కాదు. దాని బ్యాంకయిన ఫిఫ్త్ థర్డ్ మీద, 8,80,000 డాలర్లు. తరవాత కార్డు ఇచ్చిన బ్యాంకుల నష్టానికి పరిహారంగా వీసాతో 4 కోట్ల 9 లక్షల డాలర్ల దాకా, మాస్టర్‌కార్డ్‌తో 2 కోట్ల 40 లక్షల దాకా టీజేఎక్స్ రాజీ కుదుర్చుకుంది. అంత పెద్ద సంస్థ ఆ దెబ్బను ఓర్చుకోగలిగింది.

యూటా రాష్ట్రంలో పార్క్ సిటీలోని సిసెరోస్ అనే ఫలహారశాలకు ఆ శక్తి లేదు. అక్కడ వాడిన కార్డుల మీద మోసాలు జరిగాయని కార్డు సంస్థలు నిర్ధారించి, దాని బ్యాంకు మీద పరిహారం విధించాయి. బ్యాంకు ఆ ఫలహారశాల ఖాతా నుంచి సుమారు 10,000 డాలర్లు తీసుకుని, మిగిలిన 82,600 డాలర్ల కోసం దావా వేసింది. 2011లో యజమానులు ఎదురు దావా వేశారు. కార్డు సంఖ్యలు తమ యంత్రంలో నిల్వ ఉండిపోయిన మాట నిజమే గాని, అవి బయటికి పోయినట్లు రెండు పరిశోధనలలోనూ ఆధారం దొరకలేదన్నది వారి వాదం. అంతకన్నా మౌలికమైన ఫిర్యాదు మరొకటి: తాము ఎన్నడూ చూడని నియమాల కింద, తాము సంతకం పెట్టని సంస్థ, తమ మాట వినకుండానే శిక్ష వేసింది.

నాష్‌విల్‌లోని చెప్పుల వర్తక సంస్థ జెనెస్కో ఆ వాదాన్ని ఇంకా పైకి తీసుకువెళ్ళింది. 2010లో దాని కంప్యూటర్లలో చొరబాటు బయటపడ్డాక వీసా దాని రెండు బ్యాంకుల మీద సుమారు 1 కోటి 33 లక్షల డాలర్లు విధించింది. బ్యాంకులు ఆ సొమ్మును జెనెస్కో నుంచి రాబట్టుకున్నాయి. 2013లో జెనెస్కో నేరుగా వీసా మీదనే దావా వేసింది. ఒప్పందం తప్పినవాడు ఎదుటివాడి వాస్తవనష్టాన్ని, లేదా ముందుగా సహేతుకంగా లెక్కకట్టిన నష్టాన్ని పూడ్చాలి. కేవలం శిక్షగా సొమ్ము గుంజడాన్ని ఒప్పంద న్యాయం అంగీకరించదు. వీసా వేసినవి ఆ కోవకు చెందిన శిక్షలే అని జెనెస్కో వాదన. కేసు 2016లో రాజీతో ముగిసింది. కనుక అసలు ప్రశ్నకు తీర్పు రాలేదు.

నిష్పత్తుల పాలన

చోరీ జరిగిన దుకాణం సంగతి అది. ఏ చోరీ జరగని వర్తకుడి మీద కూడా ప్రతినెలా నిఘా ఉంటుంది. అక్కడ కొలత ఒక నిష్పత్తి: ఎన్ని అమ్మకాలకు ఎన్ని అభ్యంతరాలు?

మాస్టర్‌కార్డ్ పద్ధతిలో నెలకు కనీసం 100 ఛార్జ్‌బ్యాక్‌లు, 1.5 శాతం నిష్పత్తి, ఈ రెండూ దాటినవాడు హద్దు మీరినవాడు. 300, 3 శాతం దాటితే మరీ మీరినవాడు. అదే స్థితి నెలల తరబడి కొనసాగితే జరిమానా మెట్లు మెట్లుగా పెరుగుతుంది. వీసాకు చాలాకాలం మోసాలకు ఒకటి, అభ్యంతరాలకు ఒకటి, రెండు వేర్వేరు కార్యక్రమాలుండేవి; రెండింటికీ ప్రామాణిక హద్దు 0.9 శాతం. 2025 ఏప్రిల్‌లో వాటిని కలిపి ఒకే కార్యక్రమం చేశారు. కార్డు కంటికి కనబడని అమ్మకాలలో, జారీ బ్యాంకులు మోసమని నివేదించినవీ, అభ్యంతరం వచ్చినవీ కలిపి, మొత్తం అమ్మకాల సంఖ్యతో భాగిస్తారు. నెలకు 1,500 దాటి, నిష్పత్తి 2.2 శాతానికి చేరితే వర్తకుడు హద్దు మీరినట్లు. అమెరికా సహా పలు ప్రాంతాలలో 2026 ఏప్రిల్ నుంచి ఆ గీతను 1.5 శాతానికి దించాలని నిర్ణయించారు.

జ్వరమానిలో పాదరసం పైకి పోతే ఒంట్లో ఏదో ఉందని తెలుస్తుంది, ఏముందో తెలియదు. ఈ నిష్పత్తులూ అంతే. మోసగాడైన వర్తకుడిని ఇవి పట్టిస్తాయి, మోసపోయిన వర్తకుడినీ పట్టిస్తాయి, ఇద్దరికీ తేడా చెప్పవు. లెక్కలోనూ చిక్కులున్నాయి. మాస్టర్‌కార్డ్ ఈ నెల వచ్చిన ఛార్జ్‌బ్యాక్‌లను గత నెల అమ్మకాలతో భాగిస్తుంది. డిసెంబరులో జోరుగా అమ్మినవాడికి అభ్యంతరాలు ఫిబ్రవరిలో వస్తాయి. వాటిని భాగించేది బేరాలు లేని జనవరితో. వీసా కొత్త లెక్కలో ఒకే అమ్మకం మోసం నివేదికగా ఒకసారి, అభ్యంతరంగా ఇంకొకసారి రెండుసార్లు పడవచ్చు. సరుకు చేతికి అందీ అందలేదని అభ్యంతరం పెట్టే కొనుగోలుదారులుంటారు. అటువంటివాడి మీద వర్తకుడు రుజువులు చూపి నెగ్గినా సొమ్ము వెనక్కి వస్తుంది గాని, ఆ అభ్యంతరం లెక్కలోంచి పోదు.

మొదట అడిగిన ప్రశ్న, ‘నీ విధి నువ్వు చేశావా?’ ఇప్పుడు అడిగే ప్రశ్న, ‘నీ మీద ఎన్ని వచ్చాయి?’ ఈ అరవై ఏళ్ళలో జరిగిన అసలు మార్పు ఇదే.

వెలి

జరిమానా కట్టి బయటపడవచ్చు. వెలి నుంచి బయటపడడం కష్టం. బ్యాంకు ఒక వర్తకుడితో సంబంధం తెంచుకున్నప్పుడు, నిర్దేశించిన కారణాలలో ఏదో ఒకటి వర్తిస్తే, ఆ వర్తకుడి పేరును, యజమానుల పేర్లను మాస్టర్‌కార్డ్ నడిపే ‘మ్యాచ్’ జాబితాలో చేర్చాలి. ఛార్జ్‌బ్యాక్‌లు మితిమీరడం ఆ కారణాలలో ఒకటి. పేరు ఐదేళ్ళు ఉంటుంది. కొత్త వర్తకుడిని చేర్చుకునే బ్యాంకు ముందు ఈ జాబితా చూస్తుంది. పేరు కనబడితే సాధారణంగా తలుపు తియ్యదు. చేర్చేదీ తీసేదీ బ్యాంకే. పొరపాటున పడిన పేరును తొలగించమని వర్తకుడు వేడుకోవలసింది తనను వెళ్ళగొట్టిన బ్యాంకునే.

ఈ కాఠిన్యానికి కారణం లేకపోలేదు. అమెరికాలో టెలిఫోను మీద బూటకపు బహుమతులు అమ్మిన ముఠాలు బ్యాంకులు ఖాతా ఇవ్వనప్పుడు నిజమైన వర్తకుల ఖాతాల గుండా తమ చీటీలు నడిపేవి. 1995లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ పనిని నియమం పెట్టి నిషేధించవలసి వచ్చింది. ఒక బ్యాంకు వెళ్ళగొట్టిన మోసగాడు మరునాడే ఎదుటి వీధి బ్యాంకులో చేరకుండా ఆపాలంటే ఉమ్మడి జాబితా కావాలి. ప్రశ్న జాబితా ఉండాలా అన్నది కాదు. అందులో పేరు రాసేముందు ఆ మనిషిని ఎవరైనా ఒక మాట అడుగుతారా అన్నది.

మరో దారి

భారతదేశం ఈ సమస్యను వేరే చోట పట్టుకుంది. రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి, కార్డు కనబడని చెల్లింపులకు కార్డు మీద ముద్రించని మరొక రుజువు తప్పనిసరి చేసింది. స్వదేశానికి వెళ్ళిన ప్రవాసులకు ఫోనులో వచ్చే ఓటీపీగా అది సుపరిచితం, ఒక్కోసారి చిరాకు కూడా. 2017లో మరో ఆదేశం, మూడో వ్యక్తి చేసిన మోసాన్ని మూడు పనిదినాలలో తెలిపిన ఖాతాదారుకు నష్టం ఉండరాదన్నది. ఐరోపా సమాఖ్య కూడా తన చెల్లింపుల చట్టం ద్వారా 2019 తరవాత ఇదే బాట పట్టింది. ఈ పద్ధతిలో కొనుగోలుదారు గుర్తింపును తేల్చే పని అతడి బ్యాంకుది. తేల్చాక మోసమని తెలిస్తే, కార్డు సంస్థల నియమాల ప్రకారమే, నష్టం సాధారణంగా ఆ బ్యాంకుది.

అమెరికాలో అటువంటి నిర్బంధం లేదు. కొనేవాడికి అడ్డు తగిలితే బేరం పోతుందన్న భయంతో తలుపు బార్లా తెరిచి ఉంచారు. లోపలికి వచ్చిన దొంగల లెక్కను మాత్రం దుకాణదారును అడుగుతున్నారు. అక్కడ కిరాణా కొట్లు, ఫలహారశాలలు, ప్రయాణ టిక్కెట్ల సంస్థలు నడుపుతున్న తెలుగువారికీ ఈ లెక్క వర్తిస్తుంది. నెలల ముందు టిక్కెట్టు అమ్మి, ప్రయాణం రద్దయితే ఒక్కసారిగా అభ్యంతరాలు ఎదుర్కొనే టిక్కెట్ల వ్యాపారికి మరీను.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. కార్డు మోసాల భారం చట్టం అడ్డుపడిన చోట పక్కకు తిరిగి, ఒప్పందాల కాలువల వెంట, అడ్డు చెప్పే బలం లేనివాడి దగ్గరికి చేరింది. 1970లో కాంగ్రెస్ కార్డుదారు చుట్టూ కట్టిన గట్టు నేటికీ నిలిచి ఉంది. వర్తకుడి చుట్టూ గట్టు కట్టడం కూడా అసాధ్యమేమీ కాదు: జరిమానాకు ముందు సంజాయిషీ కోరడం, నెగ్గిన తగవును లెక్కలోంచి తీసివెయ్యడం, జాబితాలో పేరు ఎక్కితే వెళ్ళగొట్టిన బ్యాంకుతో సంబంధం లేని ఒకరికి మొరపెట్టుకునే వీలు కల్పించడం. నిజాన్ని దేవుడికి వదిలెయ్యకుండా ఎవరో ఒకరు విచారించాలన్నదే ఈ మూడింటి సారాంశం.