టెన్నెసీ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ శిక్షక బృందం (1974–2012): ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కళాశాల జట్ల చరిత్రను ప్రధాన శిక్షకుల పేర్లతోనూ, వారి ఖాతాలో చేరిన విజయాల సంఖ్యతోనూ చెప్పడం క్రీడాచరిత్ర రచనలో స్థిరపడిన పద్ధతి. అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర కూడా 38 సీజన్లు దానిని నడిపిన పాట్ సమిట్ పేరుతోనే ప్రసిద్ధం. ఆమె పేరిట నమోదైన 1,098 విజయాల వెనుక ఉన్న సహాయ శిక్షకుల శ్రమను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక్క వ్యక్తి భుజాల మీద ఉన్న పని అనేక ఉద్యోగాలుగా ఎలా విడిపోయిందో, ఆ క్రమంలో స్త్రీల స్థానం ఎలా మారిందో, 2011–12 సీజన్‌లో ఆ బృందం ఎదుర్కొన్న పరీక్ష ఏమి నిరూపించిందో వివరిస్తుంది.

కీలక పదాలు: మహిళా క్రీడలు, బాస్కెట్‌బాల్, శిక్షక బృందం, టైటిల్ నైన్, పాట్ సమిట్, హోలీ వార్లిక్.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టర్ అనే ఒకే ఉద్యోగి అన్ని ఆటలనూ చూసుకోవడం అధ్యాపక లోకానికి పరిచితమైన విషయమే. జట్టు ఎంపిక, సాధన, ప్రయాణం, భోజన వసతి, లెక్కలు అన్నీ ఆ ఒక్కరి బాధ్యతే. నేటి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇదే పనిని ఒక పెద్ద బృందం నిర్వహిస్తున్నది. అగ్రశ్రేణి కళాశాలల బాస్కెట్‌బాల్ జట్లకు ప్రధాన శిక్షకులతో పాటు ముగ్గురు సహాయ శిక్షకులు ఉండవచ్చునన్న పరిమితిని 2023లో ఐదుగురికి పెంచారు. వీరు కాక శారీరక దృఢత్వ శిక్షకులు, గాయాలను చూసుకునే నిపుణులు, ఆటల దృశ్యాలను విశ్లేషించేవారు, చదువు విషయంలో సహాయపడే సలహాదారులు ఉంటారు.

ఈ విస్తరణను కేవలం ధనం పెరిగినందువల్ల కలిగిన మార్పుగా భావించడం సరికాదు. మహిళా జట్ల విషయంలో ఇది స్త్రీలు వేతనం లేకుండా, లేదా నామమాత్రపు వేతనానికి చేసిన పనికి క్రమంగా ఉద్యోగహోదా లభించిన చరిత్ర. ఆ హోదా లభించిన తరువాత అందులో ఎవరికి చోటు దక్కింది, ఎవరి పని ఎవరి పేరిట నమోదైంది అనే ప్రశ్నలు కూడా ఈ చరిత్రలో భాగమే.

2. పూర్వరంగం: అధ్యాపికే శిక్షకురాలు (1892–1971)

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించాడు. మరుసటి ఏడాదే సమీపంలోని స్మిత్ మహిళా కళాశాలలో వ్యాయామ అధ్యాపికగా ఉన్న సెండా బెరెన్సన్ ఈ ఆటను తన విద్యార్థినులకు నేర్పింది. 1893 మార్చిలో ఆ కళాశాల మొదటి, రెండవ సంవత్సరాల విద్యార్థినుల మధ్య జరిగిన పోటీకి పురుష ప్రేక్షకులను అనుమతించలేదు. స్త్రీల కోసం ఆమె నియమాలను మార్చింది. ఆటస్థలాన్ని మూడు భాగాలుగా విభజించి ఒక్కొక్కరు తమ భాగం దాటకూడదని, ప్రత్యర్థి చేతిలోని బంతిని లాక్కోకూడదని నిర్దేశించింది.

నైస్మిత్ పనిచేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. విద్యాసంస్థ సంప్రదాయమే 1920లో హ్యారీ క్రో బక్ ద్వారా మద్రాసుకు చేరి, అక్కడ వ్యాయామ విద్యా కళాశాల స్థాపనకు దారితీసింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన తెలుగు జిల్లాలకు కూడా ఆధునిక వ్యాయామ విద్య అందిన మార్గాలలో ఇది ఒకటి. కనుక వ్యాయామ అధ్యాపకులే జట్టు శిక్షకులన్న భావనకు రెండు చోట్లా ఉమ్మడి మూలం ఉన్నదని చెప్పవచ్చు.

అమెరికాలో స్త్రీల వ్యాయామ విద్యను నడిపిన మహిళా నాయకులు 1920ల నుంచి అంతర్ కళాశాల పోటీలను ప్రోత్సహించలేదు. పురుషుల క్రీడల్లో ప్రబలిన ధనవ్యామోహం, ప్రేక్షకాదరణ కోసం పాకులాట స్త్రీల క్రీడలను చేరకూడదన్నది వారి ఉద్దేశం. కొద్దిమంది పోటీపడటం కన్నా అందరూ ఆడటం ముఖ్యమని వారు భావించారు. ఈ వైఖరివల్ల ఒక మేలు, ఒక కీడు జరిగాయి. మహిళా క్రీడల నిర్వహణ స్త్రీల చేతుల్లోనే ఉండిపోయింది. అయితే శిక్షణ అనేది ప్రత్యేక వృత్తిగా ఎదగలేదు, అది బోధనకు అనుబంధంగానే మిగిలింది. కళాశాల స్త్రీలు పురుషుల మాదిరిగా ఐదుగురేసి పూర్తి కోర్టులో ఆడే పద్ధతి 1971లో గాని స్థిరపడలేదు.

3. ఒక్కరే బృందం: 1970ల పరిస్థితి

1971లో మహిళా అంతర్ కళాశాల క్రీడల కోసం ఎ.ఐ.ఎ.డబ్ల్యు. అనే సంఘం ఏర్పడింది. 1972లో ఆ సంఘం నిర్వహించిన తొలి జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలో పెన్సిల్వేనియాలోని ఇమాక్యులాటా అనే చిన్న క్యాథలిక్ మహిళా కళాశాల గెలిచింది. దాని శిక్షకురాలు క్యాథీ రష్ తొలి సంవత్సర వేతనం 450 డాలర్లు. పోటీలు జరిగే ఇలినాయ్ రాష్ట్రానికి వెళ్లే ఖర్చుల కోసం జట్టు సభ్యులు టూత్‌బ్రష్‌లు అమ్మారు. అయినా జట్టులోని 11 మందిలో ఎనిమిది మందిని మాత్రమే తీసుకువెళ్లగలిగారు. ఆ జట్టు 1973, 1974లలో కూడా విజేతగా నిలిచింది.

టెన్నెసీ పరిస్థితి ఇందుకు భిన్నం కాదు. 1974లో 22 ఏళ్ల పాట్ హెడ్ (వివాహానంతరం పాట్ సమిట్) నాక్స్‌విల్‌లోని విశ్వవిద్యాలయానికి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా వచ్చింది. అప్పటి శిక్షకురాలు సెలవుపై వెళ్లడంతో ప్రధాన శిక్షకురాలి బాధ్యత ఆమెకు అప్పగించారు. వేతనం నెలకు 250 డాలర్లు. ఆమె స్నాతకోత్తర విద్య చదువుతూ, వ్యాయామ తరగతులు బోధిస్తూ, మోకాలి గాయం నుంచి కోలుకుంటూ, 1976 ఒలింపిక్స్‌లో ఆడేందుకు స్వయంగా సాధన చేస్తూ జట్టును నడిపింది. ప్రయాణాలకు వ్యాన్ తానే నడిపేది, ఆట దుస్తులు తానే ఉతికేది. 1974 డిసెంబరులో ఆమె శిక్షణలో జరిగిన తొలి ఆటలో జట్టు మెర్సర్ చేతిలో 84–83 తేడాతో ఓడిపోయింది.

ఈ వివరాలను జీవితచరిత్రల్లో పట్టుదలకు నిదర్శనంగా చెబుతుంటారు. చరిత్ర దృష్టితో చూస్తే ఇవి ఒక సంస్థాగత వాస్తవాన్ని తెలుపుతున్నాయి. తరువాతి కాలంలో డ్రైవరు, సామగ్రి నిర్వాహకులు, సహాయ శిక్షకులు, సలహాదారులు అనే వేర్వేరు ఉద్యోగాలుగా మారిన పనులన్నీ అప్పటికే ఉన్నాయి. వాటికి పేరు, పదవి, జీతం మాత్రమే లేవు.

4. చట్టం, వేతనం, స్త్రీల వాటా:

1972 జూన్ 23న అమెరికాలో అమలులోకి వచ్చిన విద్యా సవరణల చట్టంలోని తొమ్మిదవ శీర్షిక ‘టైటిల్ నైన్’గా ప్రసిద్ధి చెందింది. కేంద్ర ప్రభుత్వ ధనసహాయం పొందే విద్యాసంస్థల్లో లింగవివక్షను అది నిషేధించింది. దీని ప్రభావంతో మహిళా జట్లకు నిధులు, ఉపకారవేతనాలు, శిక్షకుల పదవులు పెరిగాయి. 1982లో పురుషుల క్రీడాసంఘమైన ఎన్.సి.ఎ.ఎ. మహిళల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలను ప్రారంభించింది. స్త్రీలు నిర్వహించుకున్న ఎ.ఐ.ఎ.డబ్ల్యు. కొద్దికాలానికే మూతపడింది.

దీని పర్యవసానాన్ని బ్రూక్లిన్ కళాశాలకు చెందిన వివియన్ అకోస్టా, లిండా జీన్ కార్పెంటర్ దశాబ్దాల పాటు సేకరించిన గణాంకాలు స్పష్టం చేస్తున్నాయి. 1972లో కళాశాల మహిళా జట్లలో 90 శాతానికి పైగా స్త్రీల శిక్షణలో ఉండేవి. 2014 నాటికి అన్ని క్రీడలూ కలిపి అది సుమారు 43 శాతానికి తగ్గింది. ఆడే స్త్రీల సంఖ్య అనేక రెట్లు పెరిగిన కాలంలోనే శిక్షకులలో స్త్రీల వాటా సగానికి పైగా పడిపోయింది. జీతం లేనప్పుడు స్త్రీల పనిగా ఉన్నది, జీతం వచ్చాక పురుషులు కూడా పోటీపడే ఉద్యోగమైంది. పురుషుల జట్లలో ప్రధాన శిక్షకులుగా స్త్రీలకు మాత్రం అటువంటి అవకాశం దాదాపు లభించలేదు.

వేతన సమానత్వం కూడా సులభంగా రాలేదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మహిళా జట్టు శిక్షకురాలు మేరియన్ స్టాన్లీ, పురుషుల జట్టు శిక్షకునితో సమాన వేతనం కోరి 1993లో న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. పురుషుల జట్టు శిక్షకునికి అనుభవం ఎక్కువ అన్న వాదనను అంగీకరిస్తూ 1999లో అప్పీలు న్యాయస్థానం విశ్వవిద్యాలయం పక్షానే తీర్పునిచ్చింది. స్టాన్లీ ఇమాక్యులాటాలో క్యాథీ రష్ శిష్యురాలు. శిక్షకురాలిగా మూడు జాతీయ విజేత జట్లను తీర్చిదిద్దిన వ్యక్తి. ఈ నేపథ్యంలోనే, 2006లో పాట్ సమిట్ వార్షిక వేతనం పది లక్షల డాలర్లు దాటడాన్ని అర్థం చేసుకోవాలి. అది మహిళా బాస్కెట్‌బాల్‌లో మొదటిసారి.

5. టెన్నెసీ బృంద నిర్మాణం (1985–2008)

టెన్నెసీలో సుస్థిరమైన బృందం 1985లో రూపొందింది. ఆ ఏడాది మికీ డిమాస్, హోలీ వార్లిక్ సహాయ శిక్షకులుగా చేరారు. డిమాస్ అప్పటికే ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ప్రధాన శిక్షకురాలిగా పనిచేసింది. వార్లిక్ నాక్స్‌విల్ వాసి. 1976–80 మధ్య పాట్ సమిట్ శిక్షణలోనే ఆడిన గార్డు. బయట నుంచి వచ్చిన అనుభవం, లోపల పెరిగిన అవగాహన ఈ విధంగా ఒకచోట కలిశాయి. రెండేళ్లలోపే, 1987లో, జట్టు తొలి జాతీయ టైటిల్ గెలిచింది. డిమాస్ 2003లో కెంటకీ విశ్వవిద్యాలయానికి ప్రధాన శిక్షకురాలిగా వెళ్లేవరకు వీరిద్దరూ కలిసి పనిచేశారు. 1987, 1989, 1991, 1996, 1997, 1998 టైటిళ్లు ఆ కాలంలోనివే. 1997–98లో జట్టు ఆడిన 39 ఆటల్లోనూ గెలిచింది. 2007, 2008 టైటిళ్లతో కలిపి మొత్తం ఎనిమిదింటిలోనూ సహాయ శిక్షకురాలిగా ఉన్న వ్యక్తి వార్లిక్.

సహాయ శిక్షకుల పనిలో ప్రేక్షకుల కంటికి కనిపించనిదే ఎక్కువ. పాఠశాల స్థాయిలో ఆడే బాలికలను గుర్తించడం, వారి ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడటం, ప్రత్యర్థి జట్ల ఆటతీరును ముందుగా అధ్యయనం చేయడం, కోపగించిన ప్రధాన శిక్షకురాలికీ నొచ్చుకున్న క్రీడాకారిణికీ మధ్య నిలవడం ఇందులోని ముఖ్యాంశాలు. 1990 సెప్టెంబరులో జరిగిన ఒక ఘటన ఈ పని స్వభావాన్ని తెలుపుతుంది. నిండు గర్భిణి అయిన పాట్ సమిట్, డిమాస్‌తో కలిసి మిషెల్ మార్సినియాక్ అనే క్రీడాకారిణిని కలిసేందుకు పెన్సిల్వేనియాకు వెళ్లగా అక్కడే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ టెన్నెసీలోనే పుట్టాలన్న పట్టుదలతో ఆమె విమానంలో నాక్స్‌విల్‌కు తిరిగి వచ్చింది. ఈ కథ పాట్ సమిట్ దృఢత్వానికి ఉదాహరణగా ప్రచారంలో ఉన్నది. ఆ ప్రయాణమంతటా ఆమె పక్కనే ఉన్న డిమాస్ వైపు నుంచి దీనిని చూస్తే, సహాయ శిక్షకురాలి విధికి నిర్దిష్టమైన హద్దులు లేవని తెలుస్తుంది.

ఈ బృందం శిక్షకులను తయారుచేసే స్థానంగా కూడా మారింది. 1991లో టైటిల్ గెలిచిన జట్టులో ఆడిన నిక్కీ కాల్డ్‌వెల్ తరువాత సహాయ శిక్షకురాలై, 2008లో యు.సి.ఎల్.ఎ. ప్రధాన శిక్షకురాలైంది. వరుసగా మూడు టైటిళ్లు గెలిచిన జట్లలో ఆడిన కెల్లీ హార్పర్ 2019లో టెన్నెసీకే ప్రధాన శిక్షకురాలిగా తిరిగి వచ్చింది. ప్రత్యర్థి అయిన కనెక్టికట్‌లో ప్రధాన శిక్షకుడు జీనో ఆరియెమ్మా పురుషుడు. అక్కడ కూడా 1985 నుంచి ఆయన పక్కన క్రిస్ డెయిలీ ఉన్నది. 2021 జాతీయ పోటీల్లో కోవిడ్ కారణంగా ఆయన రాలేకపోయినప్పుడు తొలి రెండు ఆటలను ఆమె నడిపించింది.

6. 2011–12: బృందానికి పరీక్ష

2011 ఆగస్టులో 59 ఏళ్ల పాట్ సమిట్ తనకు చిన్న వయసులోనే వచ్చే అల్జీమర్స్ తరహా మతిమరుపు వ్యాధి ఉన్నట్లు ప్రకటించింది. బాస్కెట్‌బాల్ శిక్షణ జ్ఞాపకశక్తిపై ఆధారపడిన పని. ఎవరికి ఎన్ని ఫౌళ్లు పడ్డాయి, ఎన్ని టైమౌట్లు మిగిలాయి, ప్రత్యర్థి ఇంతకుముందు ఏ ఎత్తు వేసింది అనేవి క్షణాల్లో గుర్తుకు రావాలి. అటువంటి పనిలో జ్ఞాపకమే బలహీనపడినప్పుడు జట్టు నిలుస్తుందా అన్నది అప్పటి ప్రశ్న.

ఆమె పదవిలో కొనసాగింది. అయితే ఆట సమయంలోని నిర్ణయాల్లో ఎక్కువ భాగం, ఆట ముగిశాక విలేకరులతో మాట్లాడే బాధ్యత అసోసియేట్ హెడ్ కోచ్ హోదాలో ఉన్న వార్లిక్ స్వీకరించింది. 2010లో తిరిగి వచ్చిన డిమాస్, డీన్ లాక్‌వుడ్ మిగిలిన పనులు పంచుకున్నారు. జట్టు 27 ఆటల్లో గెలిచి తొమ్మిదింటిలో ఓడింది. సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ టోర్నమెంటు గెలిచి, జాతీయ పోటీల్లో చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచింది. ఆ ఏడాది ఓటమి ఎరుగని బేలర్ చేతిలో వారి ప్రయాణం ముగిసింది. 2012 ఏప్రిల్‌లో వార్లిక్ ప్రధాన శిక్షకురాలైంది. పాట్ సమిట్ 2016 జూన్ 28న మరణించింది.

ఈ సీజన్‌ను ఒక వ్యక్తి ధైర్యగాథగా చెప్పడం సహజమే, అందులో అసత్యం లేదు. అయితే ఆ ధైర్యానికి ఆధారంగా నిలిచింది 26 ఏళ్ల పాటు పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య ఏర్పడిన వృత్తిజ్ఞానం. ఒకరి జ్ఞాపకంలో ఉన్నది మరొకరికి అప్పటికే సంక్రమించి ఉన్నది.

ఇక్కడ ఒక పరిమితిని కూడా గుర్తించాలి. వార్లిక్ నాయకత్వంలోని ఏడు సీజన్లలో జట్టు మూడుసార్లు చివరి ఎనిమిది జట్లలో నిలిచినా ఫైనల్ ఫోర్‌కు చేరలేదు. 2019లో ఆమెను పదవి నుంచి తొలగించారు. బృందంలో రెండో స్థానంలో అసాధారణంగా రాణించినవారు మొదటి స్థానంలోనూ అదే ఫలితం సాధిస్తారని చెప్పలేమని దీనినిబట్టి తెలుస్తున్నది. అంతేకాక ఆమె ప్రధాన శిక్షకురాలైన రోజునే, ఆమె అంతకాలం నిర్వహించిన స్థానం ఖాళీ అయింది. దశాబ్దాల సాహచర్యంతో ఏర్పడిన అటువంటి స్థానాన్ని ఒక నియామకంతో భర్తీ చేయడం సాధ్యం కాదు.

7. ముగింపు:

పాట్ సమిట్ ఖాతాలోని 1,098 విజయాల్లో 2011–12 సీజన్ నాటి 27 విజయాలు కూడా ఉన్నాయి. నియమాల ప్రకారం అది సమంజసమే, ఆ ఏడాది ప్రధాన శిక్షకురాలు ఆమే. కాని ఆ 27 ఆటల్లో నిర్ణయాలు ఎక్కువగా ఎవరివో ఆ అంకె చెప్పదు. అదే విధంగా 1974–75లో వ్యాన్ నడిపి, దుస్తులు ఉతికిన యువతి శ్రమను కూడా ఆ అంకె చెప్పదు. తొలి ఏడాది ఆమె పనికి విలువ కట్టలేదు. చివరి ఏడాది ఆమె పక్కనున్నవారి పని ఆమె పేరిట చేరింది. రెండూ ఒకే నమోదు పద్ధతి ఫలితాలు.

కనుక కళాశాల మహిళా క్రీడల చరిత్రను పరిశీలించేవారు విజయాల పట్టికతో పాటు నియామక పత్రాలు, వేతన వివరాలు, సహాయ శిక్షకుల సేవాకాలం, వారి జ్ఞాపకాలు కూడా ఆధారాలుగా స్వీకరించాలి. తెలుగు ప్రాంతపు కళాశాలల క్రీడాచరిత్రకు కూడా ఇది వర్తిస్తుంది. పతకం గెలిచిన విద్యార్థిని పేరు కళాశాల వార్షిక సంచికలో ఉంటుంది. ఆమెను రైల్లో పోటీలకు తీసుకువెళ్లి తీసుకువచ్చిన అధ్యాపికల సేవాపుస్తకాలు, ప్రయాణభత్యం బిల్లులు, పాత విద్యార్థినుల జ్ఞాపకాలు అటువంటి చరిత్రకు తొలి ఆధారాలు కాగలవు.