ఆదేశాల వరుసలో అంగీకారం: ఔషధ పరీక్షలు, సైనికులు, కోనసీమ ఆరోగ్య సిబ్బంది

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 మార్చి 23న హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలపై ఒక సూచన విడుదల చేసింది. కోవిడ్ రోగులకు సేవలందించే ఆరోగ్య సిబ్బంది జబ్బు రాకముందే ఈ మాత్రలు వేసుకోవచ్చని అందులో ఉంది. మొదటి రోజు 400 మిల్లీగ్రాములు రెండుసార్లు, ఆ తరువాత ఏడు వారాల పాటు వారానికొకసారి 400 మిల్లీగ్రాములు. రెండు నెలలకు, మే 22న, ఆ సూచనను సవరించి జాబితా పెంచారు. కోవిడేతర ఆస్పత్రుల సిబ్బంది, కంటైన్మెంట్ జోన్లలో సర్వేకు తిరిగేవారు, కోవిడ్ విధుల్లోని పోలీసులు, పారామిలిటరీ బలగాలు కొత్తగా చేరారు. తెల్లకోటు, ఖాకీ ఒకే కాగితంలో పక్కపక్కన నిలిచాయి.

ఈ ఇద్దరినీ మన చట్టం అంతకుముందే ఒకచోట చేర్చి ఉంది. ఔషధ పరీక్షలను చాలాకాలం నియంత్రించిన షెడ్యూల్ వై, ఎథిక్స్ కమిటీలు ప్రత్యేకంగా కాపాడవలసిన వారిని పేర్కొంటూ పైఅధికారి మాట కింద బతికే సమూహాలను ప్రస్తావించింది. ఖైదీలు, సాయుధ బలగాల సిబ్బంది, వైద్య, నర్సింగ్, ఫార్మసీ విద్యాసంస్థల ఉద్యోగులు, విద్యార్థులు ఆ వరుసలో ఉన్నారు. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు కూడా అధికార క్రమానికి లోబడి ఉండటం వల్ల స్వేచ్ఛ తగ్గినవారిలో రక్షణ సిబ్బందిని, ఆరోగ్య కార్యకర్తలను లెక్కించాయి. చదువుకున్న నర్సునో, దేహదారుఢ్యం ఉన్న జవానునో బలహీనుల జాబితాలో చేర్చడం మొదట వింతగా తోస్తుంది. వారి బలహీనత శరీరంలోనూ లేదు, చదువులోనూ లేదు. కాదంటే రేపు డ్యూటీ ఎక్కడ పడుతుందో, సెలవు మంజూరవుతుందో లేదోనన్న లెక్కలో ఉంది.

చట్టం ఇచ్చిన ఈ రక్షణ ఔషధ పరీక్ష అని అధికారికంగా నమోదైన పనికే వర్తిస్తుంది. సైనికులపైనా ఆరోగ్య సిబ్బందిపైనా జరిగిన పెద్ద ప్రయోగాల్లో కొన్ని ఆ నమోదు బయటే జరిగిపోయాయి. కోనసీమలోని ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు 2020, 2021లో నిలబడ్డది సరిగ్గా ఆ బయటి జాగాలోనే. వారిని పరీక్షల్లోకి రానివ్వకపోవడం కన్నా సరైన పరీక్షలోకి సరైన పద్ధతిలో పిలవడమే వారికి మేలు చేసేదని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను.

ఈ చరిత్రలో మన నేలకూ చోటుంది. రొనాల్డ్ రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసులో సైనిక వైద్యుడు. 1895లో సికింద్రాబాద్‌లో, దోమలు చచ్చిన నీటిని లచ్మన్ అనే యువకుడి చేత తాగించాడు. కొన్నాళ్లకు అతనికి జ్వరం వచ్చింది. 1897 ఆగస్టులో బేగంపేటలో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న ఆ దోమల్లోనే మలేరియా పరాన్నజీవి కనబడింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. సంతకం, అంగీకార పత్రం అన్న ఊసు ఆ కథలో లేదు. బేగంపేట ప్రయోగానికి మూడేళ్ల తరువాత, 1900లో, క్యూబాలో అమెరికన్ సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం పచ్చ జ్వరం పరీక్షలకు ముందు వచ్చినవారితో రాతపూర్వక ఒప్పందం చేసుకుంది. ప్రాణానికే ముప్పు ఉందని అందులో చెప్పింది. అంగీకారాన్ని కాగితం మీద పెట్టించిన తొలి ప్రయోగాల్లో ఒకటి సైనిక వైద్యుల చేతులమీదుగానే జరగడం గమనించదగ్గది. అయితే ఆ మర్యాద అన్ని సైన్యాలకూ అందలేదు. 1930లలో మొదలై పదేళ్లకు పైగా రావల్పిండిలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు వందలాది భారతీయ సిపాయిలపై మస్టర్డ్ గ్యాస్ ప్రయోగించారు. ఒళ్లు కాలి ఆస్పత్రి పాలైనవారున్నారు. ఆ పత్రాలు లోకానికి తెలిసింది 2007లో.

మన పొరుగున నేపాల్‌లో జరిగిన ఉదంతం ఇంకా దగ్గరిది. హెపటైటిస్ ఇ టీకాను మొదట లలిత్‌పూర్ ప్రజల మీద పరీక్షించాలనుకున్నారు. స్థానికంగా వ్యతిరేకత రావడంతో ఆ ప్రయత్నం ఆగింది. అదే పరీక్ష తరువాత నేపాల్ సైన్యంలోకి మారి, 2,000 మందిపై జరిగింది. 2007లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం టీకా సుమారు 95 శాతం రక్షణ ఇచ్చింది. శాస్త్రంగా అది గొప్ప ఫలితం. కాని ఊరి జనం వద్దనగలిగిన పరీక్షకు బ్యారక్‌లో మనుషులు దొరికారన్న సంగతి ఆ ఫలితం పక్కనే ఉండిపోతుంది. వారిలో నిజంగా ఇష్టపడి వచ్చినవారు ఎందరో ఉండవచ్చు. ఆ ఇష్టాన్ని విడదీసి చూపే పద్ధతి ఉందా అన్నదే ప్రశ్న.

సైనికుల బాధ కోనసీమకు మేలుగా చేరిన దారి కూడా ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు వేల సంఖ్యలో ఫైలేరియా సోకింది. ఆ జబ్బుకు మందు కోసం లెడర్లే ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో పరిశోధన సాగి, డైఇథైల్ కార్బమజైన్ వెలువడింది. మనుషుల మీద దాని తొలి పరీక్ష ఫలితాలు ప్యూర్టోరికో నుంచి 1947లో వచ్చాయి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య, కాలువలూ కొబ్బరితోటలూ నీటిగుంటలూ ఉన్న కోనసీమకు బోదకాలు పాత శత్రువు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రాజమహేంద్రవరంలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం వెలిసింది. 2004 నుంచి ఊరూరా సామూహికంగా మాత్రలు మింగించే కార్యక్రమం వచ్చింది. సుబ్బారావు పుట్టిన గోదావరి సీమలోని మనుషులకు సుబ్బారావు మందే ఇంటి గుమ్మం దాకా వచ్చింది. దాన్ని తెచ్చిచ్చింది ఏఎన్‌ఎం, ఆశా. జనం జంకితే ముందు తానే మింగి చూపవలసి వచ్చేదీ ఆమే. పేరులేని ఈ పాత్రను ఏ నియమావళీ గుర్తించలేదు.

ఇక 2020కి వస్తే, కోనసీమ అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో భాగం. ప్రత్యేక జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఢిల్లీలో వెలువడిన సూచన రాష్ట్ర ఆరోగ్యశాఖకు, అక్కడినుంచి కాకినాడలోని జిల్లా వైద్యారోగ్యాధికారి కార్యాలయానికి, ఆపైన పీహెచ్‌సీ వైద్యాధికారికి, సూపర్‌వైజర్‌కు, ఏఎన్‌ఎంకు, చివరికి ఆశాకు చేరే దారి అందరికీ తెలిసిందే. ఈ దారిలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ ‘వేసుకోవచ్చు’ అన్నది ‘వేసుకోవాలి’గా మారుతుంది. ఎవరూ బలవంతపెట్టనక్కరలేదు. రిజిస్టర్‌లో ఒక గడి ఉంటే చాలు, అది నిండాలి. సఖినేటిపల్లిలోనో మామిడికుదురులోనో ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకునే ఆశా కార్యకర్తకు వచ్చేది గౌరవ వేతనం. 2019లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నెలకు 10,000 రూపాయలు చేసింది. అది ఉద్యోగం కాదు, అప్పట్లో సెలవుల లెక్కా లేదు. ఆమె ‘వద్దు’ అనడానికి ఎంత ధైర్యం కావాలో కాగితం రాసినవారికి తట్టి ఉండదు.

ఆ మాత్ర పనిచేస్తుందా? ఐసీఎంఆర్ సొంత అధ్యయనం 2020 మే చివర ప్రచురితమైంది. కోవిడ్ సోకిన 378 మంది ఆరోగ్య సిబ్బందినీ, సోకని 373 మందినీ పోల్చి, నాలుగు లేదా అంతకుమించి డోసులు తీసుకున్నవారిలో ముప్పు తక్కువని చెప్పింది. గడిచిపోయినదాన్ని వెనక్కి తిరిగి అడిగిన అధ్యయనమిది. ఆరు, ఏడు వారాలు క్రమంగా మాత్ర వేసుకునే మనిషి మాస్కు, గ్లౌజుల విషయంలోనూ క్రమంగానే ఉంటాడు, ముప్పు తగ్గించింది మాత్రో జాగ్రత్తో ఇలాంటి అధ్యయనం గట్టిగా తేల్చలేదు. తేల్చగలిగేది లాటరీ పద్ధతిలో మనుషుల్ని రెండు గుంపులుగా విడదీసే పరీక్ష ఒక్కటే. అమెరికా, కెనడాల్లో 1,483 మంది ఆరోగ్య సిబ్బందితో అలాంటి పరీక్ష చేసి, చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదని తేల్చారు. మన దేశంలోనూ 9 ఆస్పత్రుల్లో 416 మందితో చేసిన పరీక్షలో తేడా కనబడలేదు. దేశమంతటా ఎందరెందరో సిబ్బంది వేసుకున్న మాత్ర మీద ఈ పరీక్షలో చేరింది 416 మంది. మిగిలినవారు ముప్పును భరించారు, వారి అనుభవం నుంచి జ్ఞానం మాత్రం పుట్టలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

2021 జనవరి 3న ఔషధ నియంత్రణాధికారి కోవిషీల్డ్, కోవాక్సిన్ టీకాలు రెండింటికీ అత్యవసర అనుమతి ఇచ్చారు. చివరికి 25,798 మంది చేరిన కోవాక్సిన్ మూడో దశ పరీక్ష 25 ఆస్పత్రుల్లో అప్పటికి నడుస్తూనే ఉంది. ఫలితాలు రాలేదు. అందువల్ల ఆ టీకాను ‘క్లినికల్ ట్రయల్ మోడ్’లో ఇవ్వాలని షరతు పెట్టారు. జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు వరుసలో ముందున్నది ఆరోగ్య సిబ్బంది, ఫిబ్రవరి ఆరంభంలో పోలీసులు, సాయుధ బలగాలు. కోవాక్సిన్ తీసుకునేవారు అంగీకార పత్రంపై సంతకం పెట్టాల్సి వచ్చింది, టీకా కారణంగా తీవ్ర హాని కలిగితే కంపెనీ పరిహారమిస్తుందని అందులో ఉంది. ఢిల్లీలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో రెసిడెంట్ డాక్టర్లు తమకు కోవాక్సిన్ బదులు కోవిషీల్డ్ కావాలని లేఖ రాశారు. ఆ లేఖ రాయగలిగింది డాక్టర్లు కాబట్టి. మన రాష్ట్రానికి తొలి విడతలో వచ్చినవాటిలో ఎక్కువ కోవిషీల్డ్ డోసులే. అమలాపురం ఏరియా ఆస్పత్రి నర్సుకో, రాజోలు, కొత్తపేట సిబ్బందికో ఏ టీకా వస్తుందన్నది సరఫరా నిర్ణయించింది.

అంగీకార పత్రం ఉంది, పరిహారం హామీ ఉంది, ట్రయల్ అన్న మాటా ఉంది. కాని పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. ప్రతి టీకా కేంద్రానికీ ఎథిక్స్ కమిటీ సమీక్ష లేదు. మార్చి 11న ఆ షరతు తొలగించారు. తరువాత వచ్చిన పూర్తి ఫలితాల్లో టీకా సామర్థ్యం 77.8 శాతమని తేలడం సంతోషమే, టీకా మీద నాకు అనుమానం లేదు. నా పట్టింపు వేరు. పరీక్ష తాలూకు అనిశ్చితిని సిబ్బంది నెత్తిన పెట్టి, పరీక్ష తాలూకు రక్షణలో సగమే ఇచ్చారు.

పేరు మార్చి రక్షణ తగ్గించడం తెలుగునాట కొత్త కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు దాన్ని ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్నారు. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలతో ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. వార్డెన్ సంతకం పెట్టినచోట పిల్ల మాట వినబడలేదు. వైద్యాధికారి చూస్తుండగా ఆశా పెట్టే సంతకంలో ఆమె మాట ఎంత వినబడుతుంది?

అయినా ఆరోగ్య సిబ్బందిని పరీక్షలకు దూరంగా ఉంచాలని నేననను. వారికి సోకే జబ్బుల మీద వారితోనే పరీక్షలు చేయాలి. ఐదు దేశాల్లో 3,988 మంది ఆరోగ్య సిబ్బందితో జరిగిన బ్రేస్ పరీక్ష బీసీజీ టీకా కోవిడ్‌ను ఆపదని 2023లో చెప్పింది. ఆ సిబ్బంది ఇచ్చిన జవాబు అందరికీ ఉపయోగపడింది. అలాంటి పరీక్ష రేపు అమలాపురం వైద్య కళాశాలకు వస్తే మనం ఎలా నడపాలన్నది ఆలోచించాలి.

2019 ఔషధ పరీక్షల నియమాలు కొంత దారి వేశాయి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, కనీసం సగం మంది సంస్థకు బయటివారై ఉండాలి, వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరుండాలి. సొంత కమిటీ లేని చోట అదే ఊళ్లోనో 50 కిలోమీటర్లలోపో ఉన్న కమిటీ అనుమతి ఇవ్వవచ్చు. ఆ లెక్కన కొత్తపేటకు రాజమహేంద్రవరం, రాజోలుకు అమలాపురం అందుబాటులోనే ఉన్నాయి. కాని 50 కిలోమీటర్ల నియమం దూరాన్ని కొలుస్తుంది, అధికారాన్ని కొలవదు. కళాశాల కమిటీ తన నర్సుల మీద పరీక్షను తానే పరిశీలిస్తే బయటి సగం ఎవరన్నదే అసలు విషయం. అక్కడ ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సునో, ఆశాల సంఘం నుంచి ఒకరినో కూర్చోబెట్టాలి. సైనిక ఆస్పత్రిలోనైతే పదవీ విరమణ చేసిన హవల్దారు.

పాల్గొంటారా అని అడిగేవారు జీతం బిల్లు రాసేవారు కాకూడదు. వేరే మండలం నుంచి వచ్చిన మనిషి, తెలుగులో, పక్కన పైఅధికారి లేనిచోట అడగాలి. పత్రం ఇంటికి తీసుకెళ్లి మర్నాడు చెప్పే వీలుండాలి. భర్తతోనో తల్లితోనో, ఇంకో ఆశాతోనో మాట్లాడుకోవాలి కదా. పరీక్ష మందు వల్ల జ్వరం వచ్చి రెండు రోజులు తిరగలేకపోతే ఆ రోజుల పని ఎవరు చేస్తారు, గౌరవ వేతనంలో కోత పడుతుందా అన్నది అంగీకార పత్రంలోనే రాయాలి. నియమాల్లోని పరిహారం ఎక్కువగా పెద్ద హానికి సంబంధించింది, ఆశా భయపడేది మాత్రం ముందు ఈ రెండు రోజులకు. ఇక, వద్దన్నవారి పేర్లు పరిశోధకుడి పెట్టెలోనే ఉండాలి. పీహెచ్‌సీ వైద్యాధికారికి గాని, సూపర్‌వైజర్‌కు గాని, కమాండింగ్ ఆఫీసర్‌కు గాని ఆ జాబితా అందితే ఆ పరీక్ష అనుమతి అదే రోజు రద్దు కావాలి.