జాజికాయ బన్ను, ఒక పాత ఉత్తర్వు

ఈస్టరుకు ముందు వచ్చే శుభ శుక్రవారం నాడు ఇంగ్లండులో తినే శిలువ గుర్తు బన్నులను గురించి తరచు వినిపించే కథ ఒకటుంది. మొదటి ఎలిజబెత్ రాణి హయాంలో, ఆ గుర్తులో కతోలికపు ఛాయలు చూసి, వాటి అమ్మకాన్ని నిషేధించారట. కథ బాగానే ఉంది. కాని 1592లో లండను అంగళ్ళ అధికారి జారీ చేసిన ఉత్తర్వు పాఠంలో శిలువ ఊసే లేదు. మసాలా దినుసులు కలిపిన కేకులు, బన్నులు, బిస్కెట్లు ఖననాలకు, ఈస్టరు ముందరి శుక్రవారానికి, క్రిస్మసుకు తప్ప అమ్మరాదని, అమ్మితే సరుకంతా పేదలపాలవుతుందని మాత్రమే అందులో ఉంది. కారణమూ అక్కడే చెప్పారు: అది చట్టం ఒప్పని, కొలతకు లొంగని రొట్టె.

ఆ కొలత 1266 నాటి రొట్టెల శాసనానిది. గోధుమల ధర పెరిగితే రొట్టె వెల పెరగదు, బరువు తగ్గుతుంది. సాదా రొట్టెకు ఈ లెక్క సరిపోయింది. మరి వెన్న, పంచదార, ఎండుద్రాక్ష, జాజికాయ చేరిన బన్నును ఏ త్రాసులో తూచాలి? నా మట్టుకు నాకు, మతం కథకన్నా ఈ తూనికల కథే నమ్మదగినదిగా తోస్తుంది.

ఉత్తర్వు కట్టడి చేసింది అమ్మేవాణ్ణే, వండుకునేవాణ్ణి కాదు. తక్కిన రోజుల్లో బన్ను మీద మనసైతే ఇంట్లోనే పిండి కలుపుకోవాలి. అయితే రొట్టెలు కాల్చే బట్టీ ఎన్ని ఇళ్ళలో ఉండేది గనుక! మొదటి జేమ్స్ కాలంలోనూ కట్టడికి ప్రయత్నించి, అమలు చేయలేక వదిలేశారు. తర్వాతి శతాబ్దంలో పరిస్థితి ఎంత తారుమారైందంటే, 1793లో చెల్సీలోని ప్రసిద్ధమైన బన్నుల దుకాణం యజమానురాలు, ముందటేడు తెల్లవారుజామునే విరుచుకుపడిన జనంతో ఇరుగుపొరుగులు బెదిరిపోయారని, ఈసారి శిలువ బన్నులు అమ్మబోనని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది.

ఇక ఆ బన్నులోని జాజికాయ సంగతి. అప్పట్లో అది ప్రపంచం మొత్తం మీద బాందా దీవులలోనే పండేది. 1600లో పుట్టిన ఈస్టిండియా కంపెనీకి త్వరలోనే ఒక సంగతి బోధపడింది: ఆ దీవులవారికి ఇంగ్లీషు ఉన్ని అక్కరలేదు, కోరమాండల్ తీరపు బట్టలు కావాలి. 1611లో గ్లోబ్ అనే ఓడ నిజాంపట్నానికి, మన బందరుకు వచ్చింది అందుకే. మన నేతగాళ్ళ, అద్దకంవాళ్ళ బట్టలు తూర్పుకు పోయి మసాలా దినుసులుగా మారేవి. డచ్చివారు ఆ పనికి అంతకు ముందే బందరులో మకాం వేశారు. 1621లో జాజికాయపై గుత్తాధిపత్యం కోసం వాళ్ళు బాందా ప్రజలలో అత్యధికులను చంపారు, లేదా చెరపట్టి తరలించారు. లండను వంటింట్లో జాజికాయ తురుముకున్న ఇల్లాలికి ఇవేవీ తెలిసే అవకాశం లేదు.

నేను ఏటా వీటిని ఇంట్లోనే చేస్తాను. అర కిలో మైదాకు 7 గ్రాముల పొడి ఈస్టు, 75 గ్రాముల పంచదార, 50 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, సుమారు 300 మిల్లీలీటర్ల పాలు, గుప్పెడు ఎండుద్రాక్ష. మొదటిసారి ఘుమఘుమలాడాలన్న దురాశతో దాల్చినచెక్క పొడి రెట్టింపు వేశాను. ముద్ద రాయిలా కూర్చుంది. దాల్చినచెక్క ఎక్కువైతే ఈస్టును పొంగనివ్వదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఒక చెంచాతో సరిపెట్టి, జాజికాయను మాత్రం అప్పటికప్పుడు తురుముతాను. ఇంగ్లీషు పుస్తకాలలో గోరువెచ్చని పాలు అని ఉంటుంది. మన ఏప్రిల్ ఎండలకు చల్లని పాలే మేలు, లేకుంటే గంటలోపే పొంగి పులుపెక్కుతుంది. పైన గీతలకు మైదాను నీళ్ళతో చిక్కగా జారుగా కలిపి, కాగితపు పొట్లం కొన కత్తిరించి గీయాలి. 200 డిగ్రీల వేడిలో పావుగంట, ఇరవై నిమిషాలు. తీసిన వెంటనే, ఇంకా పొగలు వస్తుండగానే, పంచదార పాకం పూయాలి.