తుంగభద్ర కాలువల వెంట మన తెలుగు క్యాంపులు

ఈ ఉగాది సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాసి ఇమ్మని సంఘం వారు అడిగినప్పుడు మాకు మొదట తోచినవి పెద్ద పేర్లే. విజయనగరం, ఆనెగొంది, కృష్ణదేవరాయలు. ‘రాయలవారి మీద వ్యాసం లేని తెలుగు సంచిక ఎక్కడైనా ఉన్నదా?’ అని మా ఇంట్లో నవ్వారు. ఆ నవ్వుతో మా కలం ఆగిపోయింది. ఆగి ఆలోచిస్తే, రాయలవారి కోటకు బండి దూరంలోనే, మన తాతల నాడే జరిగిన మరొక తెలుగు చరిత్ర జ్ఞాపకం వచ్చింది. దానిని ఎవరూ శాసనం మీద చెక్కించలేదు. తుంగభద్ర ఆయకట్టులో మన రైతులు కట్టుకున్న క్యాంపుల చరిత్ర అది.

మన సంఘం సభ్యులను ‘మీ ఊరేది?’ అని అడిగి చూడండి. గంగావతి అనో, కారటగి అనో, సింధనూరు అనో, సిరుగుప్ప అనో కొందరు చెబుతారు. ‘అది కాదండీ, అసలు ఊరు?’ అని మళ్లీ అడిగితే గుంటూరు జిల్లా అనో, కృష్ణా, గోదావరి జిల్లాలనో రెండవ జవాబు వస్తుంది. మేమూ ఆ రెండు జవాబుల వాళ్లమే.

తుంగభద్ర మీద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన చాలా పాతది. బళ్లారి, రాయచూరు సీమలు కరువుకు పుట్టిల్లు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1852 లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ దొర తరువాత ఈ నది సంగతి కూడా ఎత్తాడు. కానీ అటు నిజాం, ఇటు మద్రాసు. నది ఇద్దరికీ సరిహద్దు. ఒప్పందాలు కుదిరి, పని మొదలయ్యేసరికి 1945 వచ్చింది. హోసపేట దగ్గర రాతి కట్టడం, సిమెంటు కాక సున్నమూ సుర్కీ కలిపిన అడుసుతో లేపారు. 1953 లో కాలువలకు నీరు వదిలారు. ఆ నీటి కోసం ఎన్నో కన్నడ గ్రామాలు జలాశయం అడుగుకు పోయాయన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

నీరు వచ్చింది గాని, దానిని వాడుకోవడం స్థానిక రైతులకు అలవాటు లేదు. వారిది జొన్న, పత్తి, వేరుసెనగ పండించే మెట్ట వ్యవసాయం. నల్లరేగడిలోకి నీరు వదిలితే నేల పాడవుతుందని వారి భయం. అది అజ్ఞానమనుకోరాదు; రేగడి మడి ఒకసారి ఊటపడితే ఏమవుతుందో చూసిన వారికి తెలుసు. నేలను చదును చేసి, గట్లు వేసి, బోదెలు తవ్వాలంటే పెట్టుబడీ కావాలి. ఇక డెల్టాలో సంగతి వేరు. కాలువ నీళ్లతో నూరేండ్లు దమ్ము చేసిన చేతులు ఉన్నవి, చేయడానికి భూమి లేదు. అన్నదమ్ముల పంపకాలలో ఎకరాలు కుంటలైనాయి, ధరలు ఆకాశాన ఉన్నవి. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు చేతికి వచ్చే రోజులవి. ఇది కొత్త దారి కూడా కాదు. 1931 లో పూర్తయిన నిజాంసాగరు కిందికి, నిజామాబాదు జిల్లాకు, మన రైతులు అప్పటికే పోయి ఉన్నారు.

మా తాతగారు 1954 లో బయలుదేరారు. గుంటూరులో రైలెక్కితే గుంతకల్లు మీదుగా హోసపేట దాకా మీటరుగేజి ఒకటే దారి. ఎక్కడా బండి మారనక్కరలేదు. (రైల్వే గుమాస్తాకు ఇటువంటివే ముందు గుర్తుకు వస్తాయి, పాఠకులు మన్నించాలి.) ఎద్దులను వ్యాగనులో ఎక్కించి, వాటితోపాటు గడ్డి మోపుల మీద తాతగారి తమ్ముడు కూర్చున్నాడట. నాయనమ్మ తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఆవకాయ జాడీ, తులసి మొక్క. దిగిన చోట ఊరు లేదు. తుమ్మచెట్లు, పాములు, మలేరియా జ్వరం. పాక వేసుకుని, రాత్రి నిప్పు ఆరకుండా చూసుకునేవారట. జ్వరానికి తాళలేక తిరుగు రైలెక్కిన కుటుంబాలు లేకపోలేదు. మా ఇంట్లోనే ఒక పసిబిడ్డను ఆ మొదటి వానాకాలం తీసుకుపోయింది. నాయనమ్మ ఆ బిడ్డ పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆవిడ లేదు.

అలా పాత గ్రామానికి ఎడంగా, కాలువ పక్కన, పొలంలోనే కట్టుకున్న పాకల గుంపుకు క్యాంపు అన్న పేరు నిలిచిపోయింది. పాకలు పెంకుటిండ్లయినవి, పెంకుటిండ్లు డాబాలయినవి, పేరు మాత్రం మారలేదు. కొన్నింటికి దేవుళ్ల పేర్లు, కొన్నింటికి నాయకుల పేర్లు. గంగావతి దగ్గర శ్రీరామనగరం, సింధనూరు దగ్గర గాంధీనగరం అటువంటివే. చుట్టూ ఉన్న రాజ్యం కూడా వారి కళ్లముందే మారింది. హైదరాబాదు రాష్ట్రంలో దిగినవారు 1956 నవంబరు 1 న మైసూరు రాష్ట్రవాసులైనారు, 1973 లో కర్ణాటకవాసులైనారు. ఇల్లు కదలలేదు. తాతగారి భూమి కాగితం ఉర్దూలో ఉండేది, పన్ను రసీదులు కన్నడంలో, కింద సంతకం తెలుగులో. ఆ మూడు లిపులూ చదవగలిగినవారు క్యాంపు మొత్తం మీద ఒక్కరూ లేరని నాన్నగారు చెప్పేవారు.

తెలుగు మాట కూడా అక్కడ వేరైంది. తూమును ‘తూబు’ అంటారు. జొన్నరొట్టె మొదట తిననన్న నోరే తరువాత అది లేనిదే భోజనం కాదన్నది. పక్క ఊరి కన్నడ కూలీతల్లులు చేసి చూపితే నాయనమ్మ నేర్చుకున్నది. సంక్రాంతికి ముగ్గులు, ఉగాదికి బేవుబెల్లమూ మన పచ్చడీ రెండూ. గంగావతి బియ్యం అంటే బెంగళూరులో తెలియని ఇల్లు లేదు. అక్కడి పొలాల్లో విరివిగా నాటే బి.పి.టి. 5204 వంగడం 1986 లో బాపట్ల పరిశోధనా క్షేత్రం నుండి వచ్చినది. మనుషుల వెనకనే విత్తనమూ వలస వచ్చిందన్నమాట.

ఇంతవరకు చెప్పి ఆపితే వినడానికి బాగుంటుంది. అది సగం చరిత్రే. తుంగభద్ర కాలువలను వేసింది వరి కోసం కాదు. కరువు సీమ కనుక, కొంచెం నీటిని ఎక్కువ భూమికి పంచి జొన్న, పత్తి కాపాడాలని సర్కారు లెక్క. మనవాళ్లు కాలువ మొదటనే వరి వేశారు, వారిని చూసి స్థానికులూ వేశారు. వరి తాగే నీరు చెప్పనక్కరలేదు. ఆయకట్టు చివరన, మాన్వి, రాయచూరు వైపు రైతులు కాలువ గట్టు మీద నిలబడి రాని నీటి కోసం ఎదురుచూస్తున్నారు. జలాశయంలో పూడిక చేరి, 133 టి.ఎం.సి.ల నిల్వ సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గింది, తగువు ఇంకా పెరిగింది. భూమి చౌకగా అమ్మిన కొందరు అదే పొలంలో కూలికి రావలసి వచ్చింది కూడా. మా తాతగారు మంచివారే, ఎవరినీ మోసం చేయలేదు. అయినా ఆ అమ్మిన ఇంటివారి మనుమడు మాతో చదువుకున్నాడు. వాళ్లింట్లో ఈ కథ మా ఇంట్లో చెప్పినట్లు చెప్పరు. క్యాంపుల చరిత్ర వ్రాసేవారు ఆ ఇంటి గడప కూడా ఎక్కాలని మా అభిప్రాయం.

2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19 వ గేటు కొట్టుకుపోయినప్పుడు క్యాంపుల నుండి బెంగళూరుకు తెల్లవార్లూ ఫోనులు మోగినవి. 33 గేట్లలో ఒకటి పోతే నిండిన జలాశయం నది పాలయింది. చిత్తూరు జిల్లా నుండి వచ్చిన విశ్రాంత ఇంజనీరు కన్నయ్య నాయుడుగారి సలహాతో, పారే నీటిలోనే తాత్కాలిక గేటును వారం రోజులలో దింపారు. ఆ వారం మొదటి తరం వృద్ధులు చాలా మాట్లాడారు. పాకల రోజులు, మొదటి తూము నీరు, తిరిగి వెళ్లిపోయినవారి పేర్లు. మేము ఫోనులో విన్నాము, వ్రాసుకోలేదు.

వ్రాసుకోకపోవడం ఒక తప్పు. అంతకన్న పెద్ద తప్పు మాదే మరొకటి ఉన్నది. పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసినప్పుడు ట్రంకు పెట్టెను సామానుతో సహా పాత ఇనుము బండికి తూకానికి వేశాము. అందులో ఉర్దూ కాగితం, రసీదులు, తాతగారు ధాన్యం లెక్కలు వ్రాసిన పుస్తకం ఉన్నవని పక్షం రోజుల తరువాత తెలిసింది. బండివాడి తప్పేమీ లేదు, వాడు తూకం సరిగానే వేశాడు.

అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఎల్క్ హార్న్ అని చిన్న ఊరున్నది. డెన్మార్కు నుండి వలస వచ్చిన రైతులది. వారి మనుమలు, తాతల దేశంలో 1848 లో కట్టిన ఒక గాలిమరను కొని, విప్పి, సముద్రం దాటించి, 1976 లో తమ ఊరిలో మళ్లీ నిలబెట్టారు. తరువాత వలసవారి వస్తువులకూ కాగితాలకూ అక్కడే ఒక మ్యూజియం కట్టారు. మనకు గాలిమర అక్కరలేదు. సింధనూరుకు దగ్గరలోనే మస్కి ఉన్నది. అశోకుని పేరు స్పష్టంగా ఉన్న శాసనం అక్కడి బండ మీద 1915 లో దొరికింది. రెండువేల యేండ్లకు పైబడిన మాట బండ మీద నిలిచింది. డెబ్బది యేండ్ల నాటి మన రసీదు తూకానికి పోయింది.

ఇప్పుడు సింధనూరుకు రైలు కూడా ఉన్నది. 2024 లో వచ్చింది. ఈ వేసవికి పది రోజుల సెలవు వ్రాసి పెట్టాము. మా నాన్నగారి మేనత్త తొంబదికి దగ్గరపడి ఉన్నది, జ్ఞాపకం దిట్టం. ‘రారా, చెబుతాను, కానీ పుస్తకం నువ్వే తెచ్చుకో’ అన్నది. సంఘంలో క్యాంపుల నుండి వచ్చిన కుటుంబాల వారు తమ క్యాంపు పేరు, అసలు ఊరి పేరు, ఇంటిపేరు, వచ్చిన సంవత్సరం ఒక కాగితం మీద వ్రాసి కార్యదర్శిగారి వద్ద ఇస్తే వాటిని కూడా ఆ పుస్తకంలోకి ఎక్కిస్తాము. పాత కాగితాలు ఉంటే ఇవ్వనక్కరలేదు, చూపితే చాలు; నకలు తీసుకుని మీ ఎదుటనే తిరిగి ఇస్తాము. ఉర్దూ చదవగల పెద్దాయన ఒకరు మా ఆఫీసులోనే దొరికారు.