కారు స్టార్ట్ కావట్లేదా? స్టీరింగ్ లాక్ వెనక కథ ఇదీ

పొద్దున్నే టైమవుతోందని కార్లో కూర్చుంటే కీ తిరగదు, స్టీరింగ్ బిగుసుకుపోయి ఉంటుంది. వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేయకండి. చాలాసార్లు ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకి ఆని ఉంటుంది. ఆ ఒత్తిడికి లోపల లాక్ బోల్టు ఇరుక్కుంటుంది. ఒక చేత్తో స్టీరింగ్‌ని అటూ ఇటూ కదుపుతూ, రెండో చేత్తో కీ మెల్లగా తిప్పండి, వదిలేస్తుంది. బలం పెట్టారో, కీ విరుగుతుంది.

ఇంత విసిగించే లాక్ అసలెందుకు పెట్టారు?

పాత కార్లలో దొంగకి పెద్ద పనేం ఉండేది కాదు. డాష్‌బోర్డ్ కింద వైర్లు కలిపితే ఇంజన్ స్టార్ట్. సరే, స్టార్ట్ చేసుకోనీ, బండి తిప్పలేకపోతే ఎక్కడికి పోతాడు? మన బైక్ హ్యాండిల్ లాక్‌దీ ఇదే లెక్క.

పశ్చిమ జర్మనీ 1960ల మొదట్లో ఈ లాక్‌ని తప్పనిసరి చేసింది. కొత్త కార్లకే కాదు, రోడ్డు మీద తిరుగుతున్న పాత కార్లకి కూడా. దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్ కూడా 1971లో రూల్ తెచ్చింది, కానీ కొత్త కార్లకి మాత్రమే. ఏమైందో ఊహించండి. దొంగలు కొత్తవాటిని వదిలేసి పాతవాటి మీద పడ్డారు. లండన్‌లో 1969లో పోయిన కార్లలో కొత్తవి దాదాపు 21 శాతం. 1973కి అది 5 శాతం. మొత్తం దొంగతనాలు మాత్రం తగ్గలేదు! మరి పాత కారు ఎవరి దగ్గర ఉంటుంది? కొత్తది కొనలేనివాళ్ల దగ్గరే కదా. మా ఇంటికి తాళం వేసి, దొంగని పక్కింటికి పంపినట్టు. నాకైతే ఈ కథ మొత్తంలో మింగుడుపడని విషయం ఇదే.

అమెరికాలో జనరల్ మోటార్స్ 1969 మోడళ్లలో పెట్టింది. 1970 నుంచి అక్కడా దొంగతనం ఆపే రూల్ వచ్చింది.

అప్పటిదాకా అది ఒట్టి ఇనుప బోల్టు. పుష్ బటన్ కార్లొచ్చాక తిప్పడానికి కీ లేదు కాబట్టి, బోల్టుని చిన్న మోటార్ లాగాలి. లాగిందని ఒక స్విచ్ కంప్యూటర్‌కి చెప్పాలి. ఆ సిగ్నల్ రాకపోతే ఇంజన్ స్టార్ట్ అవ్వనివ్వదు. ఎందుకంత పంతం అంటారా? బోల్టు సగమే బయటికొచ్చి, హైవే మీద మళ్లీ పడిందనుకోండి... ఇంట్లో ఆగిపోయిన కారే నయం. షెవర్లే కార్వెట్ 1997-2004 మోడళ్లని సరిగ్గా ఈ లాక్ సమస్య వల్లే 2004లో రీకాల్ చేశారు.

2007లో వచ్చిన మెర్సిడీస్ సి-క్లాస్‌లో ఆ చిన్న మోటార్ అరిగిపోవడం బాగా తెలిసిన జబ్బు. కీ పెడితే రావాల్సిన "జుయ్" శబ్దం రాదు, డాష్‌బోర్డ్ చీకటి. కాలమ్ మీద తడితే ఒక్కోసారి పనిచేస్తుంది. పనిచేసింది కదా అని ఊరుకోకండి, మళ్లీ ఆగేది ఏ రాత్రిపూటో. లాక్ మార్చి, కీతో కోడింగ్ చేయించాల్సిందే.

మీది బటన్ కారైతే ముందు బ్యాటరీ చూడండి. చార్జ్ తక్కువుంటే ఆ మోటార్ కదలదు. తర్వాత స్టీరింగ్ కదుపుతూ బటన్ నొక్కండి. అయినా కాకపోతే స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదివించండి. కోడ్ చూడకుండా స్టార్టర్ మార్చేద్దాం అనే మెకానిక్‌కి డబ్బులివ్వకండి.

ఇంకో సంగతి. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. సరైన కీ లేకపోతే వైర్లు కలిపినా ఇంజన్ లేవదు. అది వచ్చాక కొన్ని కంపెనీలు స్టీరింగ్ లాక్‌నే తీసేశాయి. మీ కార్లో ఉందో లేదో ఇవాళ ఆఫ్ చేశాక స్టీరింగ్ తిప్పి చూసి, కింద కామెంట్‌లో చెప్పండి.